కుడి తుంటి మీద కూడిక గుర్తు

అమ్మకు రేడియేషన్ మొదలైన రోజుల్లో మా వీధిలో నాకు ఎప్పుడూ లేని గౌరవం వచ్చింది. తిరుచానూరులో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ మొదలుకొని గుడి దారిలో పూలమ్మే ఆమె దాకా అందరూ అమ్మకు ఒకటే ధైర్యం చెప్పేవాళ్ళు. "నీకేంటికమ్మా భయం, నీ కూతురు ఆ మిషన్ కాడనే పన్జేస్తా ఉండాదంట గదా." అమ్మ కాదనేది కాదు. నేనూ కాదనలేదు. ఆ రోజే కాదని ఉంటే బాగుండేది.

నేను పనిచేసేది మిషన్ దగ్గర కాదు. తిరుపతిలో ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటును. తుంటి ఆపరేషన్లలో తీసేసిన ఎముక ముక్కల్లోని మూలుగ, రోగుల అనుమతితో మాకు వస్తుంది. దాంట్లోంచి మీసెంకైమల్ మూలకణాలు అనేవాటిని వేరుచేసి పెంచుతాం. పేరు నోరు తిరగదు గానీ పని సులువుగానే చెప్పొచ్చు. అవసరాన్ని బట్టి ఎముకగానో కొవ్వుగానో మారగల కణాలవి. ఒంట్లో ఎక్కడ గాయమైనా మరమ్మతుకు సాయం చేస్తాయి. మరి వాటికే రేడియేషన్ దెబ్బ తగిలితే ఏం చేస్తాయన్నది మా ప్రాజెక్టు. పెంచిన కణాలుండే చిన్న ప్లాస్టిక్ సీసాలను, అంటే ఫ్లాస్కులను, థర్మకోల్ డబ్బాలో సర్దుకుని, స్కూటీ ముందు పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని. రోగుల వంతు అయిపోయాక టెక్నీషియన్ అన్న వాటిని మిషన్ కింద పెట్టేవాడు. నేను తలుపు బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆ మిషన్‌తో నాకున్న పరిచయమంతా ఆ బెంచీయే.

గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరని తేలాక అమ్మ కూడా అదే ఆసుపత్రికి, అదే తలుపు ముందుకు వచ్చింది. నాయన పలమనేరు దగ్గర ఊళ్ళో ఆవులను విడిచి రాలేకపోయాడు. ఇరవై అయిదు సిట్టింగులు, వారానికి అయిదు రోజులు. కాబట్టి అమ్మ నా దగ్గరే ఉండిపోయింది.

రేడియేషన్ అంటే అందరికీ భయమే, కాకపోతే అందరిదీ కనిపించనిదాని భయం. నాది కనిపించినదాని భయం. మా కణాలు అంత తేలికగా చావవు. అదే వాటి గొప్ప. కిరణం తగిలిన అరగంటకు ప్రత్యేకమైన రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం నడిమధ్యలో బోలెడు చుక్కలు మెరుస్తాయి. ఒక్కో చుక్క ఒక డీఎన్ఏ పోగు తెగిన చోటు. మర్నాటికి చాలా చుక్కలు ఉండవు. కణం తనను తానే కుట్టుకుంటుంది. కొన్ని మాత్రం మిగులుతాయి. నా ఉద్యోగం ఆ మిగిలినవాటిని లెక్కపెట్టడం. ఇంకొన్ని రోజులకు కొన్ని కణాలు ఉబ్బి, పెనం మీద దోసెలాగా పల్చగా పరుచుకుంటాయి. అవి చావవు, కొత్త కణాలను పుట్టించవు. ఊరికే కూర్చుని, తమలోంచి ఊరే పదార్థాలతో పక్కనున్న మంచి కణాలను కూడా చెడగొడతాయి. అట్లాంటి బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారని మా ల్యాబులో నవ్వుకునేవాళ్ళం. అమ్మకు వైద్యం మొదలయ్యాక నాకు ఆ నవ్వు రాలేదు. అమ్మలో కిరణం పోయే దారిలోనే తుంటి ఎముక ఉంది, దాని లోపల అవే కణాలున్నాయి.

అందుకే అమ్మ ఒంటి మీద గీసిన గుర్తుల విషయంలో నేను పోలీసులా ఉండేదాన్ని. వైద్యం మొదలయ్యే ముందు అమ్మను బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీసి, బొడ్డు కింద ఒకటి, రెండు తుంట్ల పక్కన ఒక్కొక్కటి, ఊదా రంగు సిరాతో కూడిక గుర్తులు గీశారు. రేడియేషన్ గదిలో గోడల నుంచి సన్నటి లేజర్ గీతలు పడతాయి. అవి ఆ గుర్తుల మీద సరిగ్గా కూర్చుంటేనే మనిషి సరిగ్గా పడుకున్నట్టు. గుర్తు జరిగితే కిరణమూ జరుగుతుంది. వాళ్ళిచ్చిన కార్డులో అచ్చ తెలుగులో రాసి ఉంది. నీళ్ళు పోసుకోవచ్చు, సబ్బు రుద్దరాదు, గుర్తు చెరిగితే మాకు చెప్పండి, మీరు గీయకండి. టీచరమ్మలాగా నేనే అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

అమ్మ నా ఇంట్లో అన్నీ మానుకుంది. కారం మానుకుంది, వక్కాకు మానుకుంది, ఆవుల దగ్గరికి పోవడం మానుకుంది. శుక్రవారం తలంటు ఒక్కటి మానలేదు. అమ్మవారి గుడి కూతవేటు దూరంలో ఉండగా శుక్రవారం తలకు పోసుకోని ఆడమనిషి ఉంటుందా అని ఆమె వాదం. మొదటి రెండు శుక్రవారాలు ఆమె నీళ్ళు పోసుకుంటుంటే నేను స్నానాల గది బయట కాపలా నిలబడ్డాను. మూడో శుక్రవారం ల్యాబులో పని పడింది.

శనివారం పొద్దున చీర కట్టుకుంటున్న అమ్మను చూశాను. బొడ్డు కింద గుర్తు వెలిసిపోయి ఉంది. ఎడమ పక్కది సగం ఉంది. కుడి తుంటి మీద పసుపు నిగనిగలాడటం తప్ప ఏమీ లేదు.

"అమ్మా, గుర్తు యాడ?"

"ఈడనే ఉండాది గదా" అని తడుముకుంది. తర్వాత మెల్లగా అంది. "పెసరపిండి పెట్టి రుద్దుకున్న్యా. రవ్వంతే. సబ్బే గదా వొద్దనింది. పెసరపిండి వొద్దని నువ్వు సదవలేదే."

నిజమే. కార్డులో పెసరపిండి అని లేదు. ఆ కార్డు రాసినవాళ్ళు ఎవరోగానీ పసుపు, పెసరపిండి కలిపి అరగంట సేపు చర్మం ఊడేలా రుద్దుకునే ఆడవాళ్ళ ఇంట్లో పుట్టి ఉండరు.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఉండాల్సింది. నేను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే నా దగ్గర రెండు కారణాలు ఉండేవి. ఆ వారమే మిషన్ చెడిపోయి గురు, శుక్రవారాలు రెండూ పోయాయి, ఇంక విరామం రాకూడదని డాక్టర్ మేడమ్ గట్టిగా చెప్పింది. మళ్ళీ స్కాన్ అంటే వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇవన్నీ సాకులు. అసలు సంగతి సిగ్గు. ఆ ఆసుపత్రిలో నన్ను అందరూ తమ మనిషిలాగా చూసేవాళ్ళు. రోగుల బంధువులకు గుర్తుల సంగతి నేనే వివరించి చెప్పిన రోజులున్నాయి. అట్లాంటిది నా తల్లికే గుర్తులు పోయాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఫ్లాస్కుల మీద రాసే ఊదా మార్కరు నా బ్యాగులోనే ఉంది. అమ్మను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను. ఎడమ పక్క మిగిలిన సగం గుర్తు, తుంటి ఎముక మొన నుంచి ఎంత కిందికి ఉందో టేపుతో కొలిచాను. మిగతా రెండింటినీ ఉన్న గీతల మీదే దిద్ది, కుడి పక్కన అదే కొలతకు కొత్తగా గీశాను. మనిషి ఒళ్ళు రెండు పక్కలా ఒకేలా ఉండదని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఒకే నడుం మీద బిందెలు మోసి అమ్మ కొంచెం పక్కకు ఒరిగే నడుస్తుందనీ తెలుసు. చాప మీద ఒళ్ళు వేరు, ఆ గట్టి బల్ల మీద ఒళ్ళు వేరనీ తెలుసు. ఇవన్నీ తెలిసే గీశాను. మార్కరు తగిలితే చల్లగా ఉందని అమ్మ చిన్నపిల్లలాగా నవ్వింది.

సోమవారం టెక్నీషియన్ అన్న అమ్మను లోపలికి తీసుకుపోతూ, "గుర్తులు బాగా కాపాడుకున్న్యావే పెద్దమ్మా" అన్నాడు. అమ్మ నా వైపు గర్వంగా చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను. తలుపు మూసుకుంది, పైన ఎర్రదీపం వెలిగింది. నేను అన్నాళ్ళూ ఫ్లాస్కుల కోసం కూర్చున్న ఆ బెంచీ మీదే ఉన్నాను. ఇప్పుడే లేచి తలుపు కొట్టొచ్చు, ఇప్పుడే ఆపొచ్చు అనుకుంటూనే కూర్చున్నాను. దీపం ఆరిపోయింది. అమ్మ బయటికొచ్చి ఆకలేస్తోందంది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో చుక్కలు లెక్కపెట్టే పనే ఉంది. కణం తర్వాత కణం చూస్తూ పోతున్నాను, సంఖ్య రాసుకునేలోపే మరిచిపోతున్నాను. నాకు ఒకటే లెక్క మనసులో తిరుగుతోంది. గుర్తు వేలెడు జరిగితే మనిషి ఎంత పక్కకు తిరుగుతుంది? కిరణం తగలాల్సిన చోట తగ్గుతుందా, తగలకూడని పేగుకు తగులుతుందా? గడ్డలో ఏ అంచు తప్పించుకుంటుంది? తప్పించుకున్నది మళ్ళీ పెరగడానికి ఎన్ని నెలలు పడుతుంది? చదువుకున్నందుకు ఇంత వివరంగా భయపడగలిగాను. చదువు లేని కూతురైతే శనివారమే ఫోన్ చేసేది.

మంగళవారం చెబుదామనుకున్నాను. ఒకసారి అయిపోయింది కదా, ఏమని చెప్పేది అనిపించింది. బుధవారం రెండుసార్లు అయిపోయింది కదా అనిపించింది. వారానికోసారి బల్ల మీదే ఫోటో తీసి సరిచూస్తారు, అది శుక్రవారం. తప్పు ఉంటే అప్పుడు వాళ్ళే పట్టుకుంటారులే, నేను చెప్పే పని తప్పుతుందిలే అని కూడా అనుకున్నాను. అమ్మ ఒంటి మీద కిరణం పడుతుంటే నేను నా పరువు సంగతి ఆలోచించానని ఇప్పుడు రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

బుధవారం సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇట్ల రా పాపా, నీకొకటి సూపిస్తా" అని లంగా అంచు కిందికి జరిపింది. కుడి తుంటి మీద, నేను గీసిన గీతల మీదే, ముదురు పచ్చగా కూడిక గుర్తు. చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. ఎడమ పక్కా అంతే, బొడ్డు కిందా అంతే. గుడి దారిలో బ్యాటరీ మిషన్‌తో పచ్చబొట్లు పొడిచే ఆమెను ఇంటికే పిలిపించుకుని, తలుపేసుకుని పొడిపించుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మూడు వారాలుగా కిరణం తింటున్న చర్మం అది. రేడియేషన్‌తో పాటు వారానికోసారి ఎక్కించే క్యాన్సర్ మందు వల్ల ఒంట్లో తెల్లకణాలు తగ్గి ఉన్న మనిషి. ఆ సూది ఎవరెవరికి పొడిచిందో దేవుడికి తెలియాలి. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. నీకు బుద్ధుందా అని అడిగాను. కన్నతల్లిని ఆ మాట అనకూడదు, అన్నాను.

అమ్మ నన్ను అరవనిచ్చింది. నేను ఆగాక అంది.

"ఏంటికి అరుస్తావు? నీ కోసరమే గదా పొడిపించుకునింది. సోమారం నించి నీ మొగం సూస్తానే ఉండా. కూడు తినవు, మాట్లాడవు, నా నడుం పక్కనే సూస్తా ఉంటావు. ఆ గీత మళ్ళా సెరిగిపోతాదనే గదా నీ దిగులు? ఇంక సెరగదు. గమ్మునుండు."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. నా భయం చూసి, ఆ భయం పోగొడదామని, నా తప్పును ఆమె ఒంటి మీద శాశ్వతం చేయించుకుంది.

అప్పుడు చెప్పాను. గుర్తు చెరిగిపోతుందని కాదు, తప్పు చోట గీశానేమోనని భయమని చెప్పాను. మూడు రోజులు తప్పు చోట కిరణం పడి ఉండొచ్చని చెప్పాను. అమ్మ తన తుంటి వైపు చూసుకుంది. "నీకు తెల్సనుకున్న్యానే" అంది. అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. తర్వాత కొంగు సర్దుకుని, "పొద్దున్నే బిన్నా పోదాం. నువ్వేమీ మాట్లాడొద్దు, నేను సెప్పుకుంటా" అంది.

గురువారం టెక్నీషియన్ అన్న గుర్తులు చూసి నేరుగా బయటికి పోయి డాక్టర్ మేడమ్‌ను పిలుచుకొచ్చాడు. మేడమ్ వంగి చూసింది. వేలితో తాకలేదు.

"ఎవరు గీశారిది?"

"నేనే మేడమ్" అంది అమ్మ బల్ల మీది నుంచి. "నిన్న సాయంత్రం సెరిగినట్టు ఉంటే నేనే గీసుకుని, పచ్చబొట్టు పొడిపించుకున్న్యా. మా పాపకు తెలీదు. పల్లెటూరిదాన్ని, తప్పయిపాయె."

మేడమ్ అమ్మను కసిరింది. కార్డు ఇచ్చాం కదమ్మా, చదివి చెప్పాం కదమ్మా, ఇది పిల్లలాటా అంది. అమ్మ ఊఁ ఊఁ అంటూ తలూపింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నాకు హాయిగా అనిపించిన మాట వాస్తవం. అయిపోయింది, తప్పు అమ్మది, కొత్త గుర్తు వేస్తారు, ఎవరికీ ఏమీ తెలియదు అనిపించింది.

మేడమ్ ఫైలు తీసి, "నిన్న సాయంత్రమే కాబట్టి సరిపోయింది. సిట్టింగులేవీ దీంతో జరగలేదు" అని రాయబోయింది.

"మూడు జరిగాయి మేడమ్" అన్నాను. "శనివారం నేను గీశాను. సోమ, మంగళ, బుధ. కుడి పక్కది పూర్తిగా నా అంచనాయే."

టెక్నీషియన్ అన్న నేల వైపు చూశాడు, అతని ఉద్యోగానికీ ఇది దెబ్బేనని నాకు అప్పుడు తట్టింది. మేడమ్ నన్ను తిట్టలేదు. "నువ్వు ఇక్కడికి ఫ్లాస్కులు తెచ్చే అమ్మాయివి కదా" అంది, అంతే. ఆ తర్వాత ఇన్నాళ్ళలో నన్ను ఎవరన్నా ఎన్ని మాటలన్నా ఆ మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు.

ఆ రోజే మళ్ళీ స్కాన్ తీశారు. కుడి గుర్తు బొటనవేలి వెడల్పు కిందికి జరిగి ఉంది. దానివల్ల అమ్మ మూడు రోజులూ కొంచెం ఒక పక్కకు తిరిగి పడుకున్నట్టయింది. లెక్కలు కట్టేవాళ్ళు రెండు రోజులు కూర్చుని మిగిలిన సిట్టింగులను మార్చి వేశారు. నష్టం ఎంత అని అడిగాను. "ఎక్కువ కాదనుకుంటున్నాం. కానీ ఏమీ లేదని రాసివ్వమంటే ఇవ్వలేను" అంది మేడమ్. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం, ఆ మాటతో మాత్రం నాకు నిద్ర కరువైంది.

కుడి తుంటి మీద కొత్త ఊదా గుర్తు పచ్చబొట్టుకు కొంచెం పైన పడింది. మిగిలిన సిట్టింగులన్నిటికీ టెక్నీషియన్ అన్న లేజరు గీతను ఊదా గుర్తు మీద పెట్టి, పచ్చదాని మీద తెల్ల ప్లాస్టరు అతికించేవాడు, పొరపాటున కూడా కళ్ళు దాని మీదికి పోకూడదని. నాతో ముందులాగానే మాట్లాడేవాడు, కాకపోతే నా ఫ్లాస్కులను రెండుసార్లు సరిచూసేవాడు.

పచ్చబొట్టు పొడిచిన మూడు చోట్లా పుండ్లు పడ్డాయి. ఎడమ పక్కది, బొడ్డు కిందది రెండు వారాలకు ఆరాయి. కుడి పక్కది ఆరలేదు. రోజూ పొద్దున అమ్మ తుంటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూసేదాన్ని. చెమ్మ ఉందా, అంచు లోపలికి వస్తోందా, వాసన ఉందా? మరమ్మతుకు రావలసిన కణాలు అక్కడ ఎన్ని మిగిలాయో, ఎన్ని ఊరికే కూర్చుండిపోయాయో, కిరణం తగలని చోటు నుంచి ఎన్ని నడిచి రావాలో నాకు తెలుసు. తెలిసి చెయ్యగలిగింది మాత్రం మేడమ్ రాసిచ్చిన మందు పూసి ఊదడం. ల్యాబులో అవే కణాలు, పలక మీద నేను గీసిన చీలికను పూడ్చడం గంటగంటకూ ఫోటో తీసినదాన్ని. ఇంట్లో వేలి గోరంత పుండు పూడటానికి రెండున్నర నెలలు పట్టింది. పూడిందని తేలిన రోజు ల్యాబులో ఎవరికీ కారణం చెప్పకుండా లడ్డూలు పంచాను.

ఇప్పుడు అమ్మ పలమనేరు దగ్గర మా ఊళ్ళో, నాయన దగ్గర ఉంది. మూడు నెలలకోసారి చెకప్పుకు వస్తుంది. ఆమె రావడానికి వారం ముందు నుంచే నాకు అన్నం సహించదు. మేడమ్ పరీక్ష చేస్తున్నంతసేపూ నేను ఆమె మొహమే చూస్తాను, కనుబొమ్మ కదిలితే చాలు ఆ మూడు రోజులే గుర్తొస్తాయి. కడుపులో కొంచెం నొప్పి అని అమ్మ ఎప్పుడైనా అంటే అది తిన్నది అరక్కనా, నా వల్లనా అన్నది తేలేదాకా నాకు ఊపిరాడదు. అడిగి చూశాను. అది తేల్చే పరీక్ష లేదు.

పోయిన నెల చెకప్పులో మేడమ్ "ఇప్పటికి బాగుంది" అంది. ఆ ధైర్యంతో, ఆ పచ్చబొట్టు తీసేసే వీలుందా అని అడిగాను. ఆ చర్మం జోలికి పోవద్దంది. బస్టాండులో పలమనేరు బస్సు కోసం నిలబడినప్పుడు అమ్మతో ఆ మాట చెప్పి, "తియ్యను కాదంట అమ్మా, అట్లనే ఉంటాదంట" అన్నాను. ఇన్నాళ్ళకు క్షమించమని అడగడానికి అది నాకు చేతనైన పద్ధతి.

అమ్మ ఆశ్చర్యపోయింది. "తీసేసేదేంటికి? పోయినాక నగలు వొలుచుకుంటారు, సీర వొలుచుకుంటారు. పచ్చబొట్టొకటే మనిషి ఎంబడి వస్తాది. నా బిడ్డ గీసింది నా ఎంబడే రానీ."

ఎంతో తృప్తిగా ఆ మాట అని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలినా నేను అక్కడే నిలబడిపోయాను. వచ్చే చెకప్పుకు ఇంకా రెండు నెలలుంది.